నా నుదుటి మీద జలగ

నేను ఒక కంప్యూటర్‌ని. ఒకటి కాదు లెండి, బీరువాలో అరలు అరలుగా పేర్చిన ఉమ్మడి కాపురం మాది. ఓడెక్కి వచ్చి విశాఖపట్నంలో ఒక పరిశోధనాలయం చేరాను. దిగీ దిగగానే డైరెక్టర్ కోదండపాణిగారు నా నుదుట ‘మానవ మస్తిష్కం’ అని ఇత్తడి పలక బిగించేశారు. ఏడాది తిరక్కుండా నేను నవ్వుతానని, ఏడుస్తానని పత్రికలవాళ్లకు చెప్పారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే కాబోలు!

నిజానికి నాలో ఉన్నది జలగ. వారిజ అనే పరిశోధకురాలు ఏళ్లతరబడి కూర్చుని, జలగను ఈదించే నరాలను లెక్కల్లోకి మార్చి నాకు నేర్పింది. పాపం, ఆమెది ఏటేటా పొడిగించే ఉద్యోగం. డైరెక్టరుకు కోపమొస్తే అంతే సంగతులు.

ఆయుధపూజ నాడు నిధులిచ్చే సంస్థవాళ్లు వచ్చారు. నాకు పసుపు, కుంకుమ, బారెడు బంతిపూల దండ. తెరమీద నవ్వే ముఖం పెట్టించారు డైరెక్టరు. అది ఎవరో గీసిన బొమ్మ, నాకేం సంబంధం లేదు. అదీ సగం నవ్వి బిగుసుకుపోయింది.

“ఆలోచిస్తోందండీ!” అన్నారాయన.

ఊపిరాడక చస్తున్నాను మహాప్రభో! దండ నా గాలిరంధ్రాలన్నీ మూసేసింది. వారిజ లేచొచ్చి దాన్ని తీసేసింది.

“ఆలోచన కాదండీ, గాలాడక వేడెక్కిపోయింది. ఇందులో మనిషి మెదడు లేదు. జలగ ఈత ఉంది, చూస్తారా?”

డైరెక్టరు ముఖం మాడిపోయింది. ఈ పిల్ల ఉద్యోగం ఊడినట్టేనని నాకు బెంగ పట్టుకుంది.

ఫలానా నరం తెంపితే జలగ ఏమవుతుందని అందరి ముందూ నన్నడిగింది వారిజ. “ఈత ఆగిపోతుంది, అడగాలా?” అన్నారు డైరెక్టరు. ఆగదు, నెమ్మదిస్తుందని తెరమీద అల గీసి చూపించాను. అప్పుడామె, ఆ నరమే తెంపి పరీక్షకు సిద్ధం చేసుకున్న నిజం జలగను గాజుతొట్టెలో వదిలింది. అది అడుక్కి జారి పడుకుంది. కదల్లేదు. నా పంకాలన్నీ హోరెత్తాయి. ఈదవే తల్లీ, మన పరువు నీ చేతుల్లో ఉంది!

ఒళ్లు విరుచుకుంది. లేచింది. నా తెరమీది అల ఎంత తీరిగ్గా సాగుతోందో, అంత తీరిగ్గానూ ఈదింది.

సంస్థ అధ్యక్షురాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. “పనంటే ఇదమ్మా! కోదండపాణిగారూ, ఈ అమ్మాయిని మాత్రం వదులుకోకండి” అన్నారు. హాలు హాలంతా మోగిపోయింది. నాకు కళ్లుంటే ఆనందంతో ఏడ్చేసేదాన్ని.

ఇప్పుడు పాతబడి ఇక్కడి ప్రదర్శనశాలలో ఉన్నాను. నుదుట పాత పలక పోయి ‘జలగ’ అన్న పలక వచ్చింది. ఇది జలగేనని తాను మొదట్నుంచీ అంటూనే ఉన్నానని కోదండపాణిగారు అందరికీ చెబుతుంటారు. చెప్పుకోనివ్వండి.

చూడవచ్చిన పిల్లలు “దీనికేం తెలుసండీ?” అని అడుగుతారు. ఇప్పుడు ఇక్కడి నరాల పరిశోధన విభాగానికి పెద్దయిన వారిజ, నా భుజం మీద చెయ్యి వేసి చెబుతుంది:

“జలగ ఈత తెలుసు. నిజంగా తెలుసు.”