గొంతు లేని కంచరగాడిద

బర్మా యుద్ధం మీద అమెరికావాళ్ళు తీసిన సినిమా లండన్‌కు వచ్చిందని తెలియగానే ఏడా టిబ్స్ రెండు టిక్కెట్లు కొంది. ఒకటి తనకు, ఒకటి చిన్నకొడుకు స్టాన్లీకి.

అన్నదమ్ములిద్దరూ బర్మాకే వెళ్ళారు. పెద్దవాడు క్లిఫర్డ్ తిరిగి రాలేదు. జబ్బుపడి వచ్చిన స్టాన్లీ మూడు నెలలైనా అన్న గురించి నోరు విప్పలేదు. పోరులో మరణించాడని పటాలం నుంచి వచ్చిన ఉత్తరం తప్ప ఏడాకు మరేమీ తెలియదు. తెరమీద ఆ అడవిని చూస్తేనైనా వీడు మాట్లాడతాడేమోనని ఆమె ఆశ.

సగం ఆట అయ్యేసరికి హాల్లో గోల మొదలైంది. తెరనిండా అమెరికా సిపాయిలే, ఇంగ్లీషువాడు ఒక్కడూ లేడు.

"మనవాళ్ళేరయ్యా? సెలవు పెట్టారా?" వెనకనుంచి ఎవరో కేకేశారు.

తన టిక్కెట్టు తనే కొనుక్కుని వెంట వచ్చిన పక్కింటి నోరా పిలింగ్ చేతిసంచీ అందుకుని లేచింది. "బర్మాని వీళ్ళొక్కళ్ళే గెలిచేశారట, చూశావా? పద ఏడా, ఈ సంబడానికి కూర్చోవడం కూడానా!"

ఏడా కూడా మండిపడుతూ లేచింది. "లేవరా, పోదాం," అంది.

స్టాన్లీ కదలలేదు. "వాళ్ళ చొక్కాలు చూడమ్మా. ఎంత పొడిగా ఉన్నాయో! మాకు నలభై రోజులు తడి ఆరలేదు."

ఏడా మళ్ళీ కూలబడింది. "ఏడా!" అంది నోరా.

"నువ్వెళ్ళమ్మా తల్లీ."

"ఒక్క కంచరగాడిదైనా లేదు," అన్నాడు స్టాన్లీ, చూపు తెరమీదే ఉంచి. "సామాను ఎవరు మోశారట? అన్నయ్యది వాటిని తోలే పనేగా. అరిస్తే శత్రువులకు వినిపిస్తుందని ముందే వాటి గొంతు నరాలు కోసేసేవాళ్ళు. నోరు తెరిచేవి, చప్పుడు వచ్చేది కాదు."

ఏడా వాడి దగ్గరికి జరిగింది.

"వాగు దాటుతున్నాం. అన్నయ్య వెనక, నేను ముందు. వాడి కంచరగాడిద కాలు జారింది. దాని తాడు వదిలేస్తే బతికేవాడమ్మా. వదల్లేదు. అది అరవలేదు. నోట్లో నీళ్ళు నిండి వాడూ అరవలేదు. నేను గట్టెక్కాక వెనక్కి చూశాను."

"మరి పోరులో అని రాశారే?"

"తల్లికి అలాగే రాస్తారు." వాడు తెరమీంచి చూపు తిప్పాడు. "ఒక్కసారి ముందే తిరిగి చూసుంటే..."

తెరమీద తుపాకులు మోగుతున్నాయి. ఏడా కొడుకు చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. వాడి మీద కోపం వస్తుందేమోనని తనలో తాను వెతుక్కుంది. రాలేదు. చిన్నప్పుడు మెట్లమీద జారిన పిల్లికోసం కిందికి దూకిన క్లిఫర్డే కళ్ళముందు నిలిచాడు.

"వాడెప్పుడూ అంతేరా. పట్టుకున్నది వదిలేవాడు కాదు," అంది.

బొమ్మ అయిపోయింది. ఆట చివర అందరూ లేచి నిలబడాల్సిన రాజుగారి పాట మొదలైంది. మిగిలిన పదిమందీ లేచి నిటారుగా నిలబడ్డారు. టార్చిలైటు పట్టుకున్న హాలు మనిషి వీళ్ళవైపు తిరిగి గట్టిగా దగ్గాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ పాటకు ఏడా కూర్చుని ఉండటం అదే మొదలు.

"చెప్పు నాన్నా," అంది, వాడి చెయ్యి వదలకుండా. "దాని పేరేమిటి, మన క్లిఫ్ పట్టుకున్నదాని పేరు?"