వియ్యపురాలికి తిరుగుపాట

మా అమ్మాయి రోజారమణి పెళ్లిలో వియ్యపురాలు గురువమ్మ పాడిన పాట వేళాకోళమా, తిట్టా అన్నది నాకు ఏళ్ల తరబడి తేలలేదు. బంతిలో కూర్చుని, మొదటి ముద్ద తిని, ఆవిడ గొంతెత్తింది.

"ఊరంత సముద్రముండి, ఓ వియ్యపురాలా,
సిటికెడుప్పు కరువాయెనా పప్పులోకి?"

పెళ్లిభోజనాల దగ్గర ఇలాంటి పాటలు మా వైపు మామూలే. ఆడపెళ్లివారు వెంటనే తిరుగుపాట అందుకోవాలి. కానీ ఆ రోజు పప్పులో నిజంగానే ఉప్పు పడలేదు. నేను పాట మాట మరిచి ఉప్పు తేవడానికి వంటల దగ్గరికి పరుగెత్తాను. బంతి అంతా ఎదురుచూసి ఊరుకుంది.

అప్పటినుంచి ఆవిడ భీమిలి నుంచి ఎప్పుడొచ్చినా నన్ను వదినా అనదు, "గౌరీశ్వరి గారూ" అంటుంది. కుర్చీ అంచున కూర్చుని టీ తాగి, బస్సుకి టైమైందంటుంది. శుక్రవారం దీపం పెట్టినప్పుడల్లా అమ్మవారిని అడిగేదాన్ని, మా మధ్య ఈ "గారు" ఎప్పుడు పోతుందని.

మొన్న ఉక్కునగరంలో రోజా వాళ్ల బృందం నాటకం వేసింది. నాలుగైదు వందల ఏళ్ల కిందట ఇటలీలో ఆడిన హాస్యనాటకమట, తెలుగులోకి మార్చుకున్నారు. వియ్యపురాళ్లిద్దరికీ పక్కపక్క కుర్చీలు వేసింది మా పిల్ల.

రోజాది పనిమనిషి వేషం. ఆ ఇంటి అమ్మాయిని ప్రేమించిన కుర్రాడు కిటికీ కింద నిలబడ్డాడు. ముసలి యజమాని పక్కనే ఉండటంతో రోజా వాణ్ని తిట్టడం మొదలుపెట్టింది.

"పో వెధవా! పెరటి తలుపుకి గడియ లేదని దూరిపోదామనుకున్నావా? అయ్యగారు పొద్దుగూకగానే గుర్రు పెడతారని తెలిసి వస్తావా? వచ్చి చూడు, అమ్మాయిగారు మెట్లమీదే కాపలా కూచుంటారు!"

"బాగా పెట్టావే గడ్డి!" అని యజమాని మీసం దువ్వుకున్నాడు. కుర్రాడు మాత్రం ఏడుపుమొహంతో వెనక్కి తిరిగాడు. జనం ఘొల్లుమన్నారు. గురువమ్మ ఆగలేక లేచి నిలబడింది.

"ఓరి మొద్దూ! అది తిట్టేట్రా? రమ్మని పిలుత్తంది! ఎల్లిపోతావేటి?"

స్టేజి మీద కుర్రాడు ఉలిక్కిపడి ఆవిడ వంక చూశాడు. నేనూ చూశాను. బూడిద పూసుకున్నవాడా, ఇల్లూ వాకిలీ లేనివాడా అని శివుణ్ని దెప్పుతూ కొలిచేవాళ్లున్నారు. ఆయన నొచ్చుకున్నట్టు ఎక్కడా వినలేదు. మరి పప్పు పేరు పెట్టి ఈవిడ పిలిస్తే నేనెందుకు పలకలేదు?

విరామంలో సమోసాల దగ్గర అందరూ గుమిగూడారు. నేను గొంతెత్తాను.

"ఉప్పుకేటి లోటమ్మా, ఓ వియ్యపురాలా,
ఊరుప్పంతా నీ నాలికెక్కి కూకుంటే
పప్పులోకేటి మిగిలే?"

గురువమ్మ సమోసా నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. తరవాత పొరబోయేలా నవ్వింది, కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది.

"ఓలమ్మో! పిల్ల పెళ్లినాటి బాకీ ఇప్పుడా తీరుత్తన్నావు, వదినా!" అంటూ నా వీపు మీద ఒక్కటేసింది.