ఆల్పాకా డాక్టరుగారి భార్య

ఇలా దగ్గరికి జరగండర్రా, ఆ ఫోన్లు కాసేపు బోర్లించి వినండి. మన చాముండేశ్వరి సౌదీలో ఏం చేసిందో చెబుతాను.

ఆ పొద్దున ఆమె ఒక ఆల్పాకా మెడ నుంచి పల్లేరుకాయలు ఏరుతోంది. ఆల్పాకా అంటే ఒంటెకు చిన్న చెల్లెలనుకోండి. మూపురం ఉండదు, ఒళ్ళంతా ఉన్ని. కోపమొస్తే ఉమ్ముతుంది, బెంగపడితే ముక్కుతో ఊఁ ఊఁ అని మూలుగుతుంది. తాయిఫ్ కొండల మీద ఎండ తక్కువని అబూ నాసర్ అనే ఆసామి ముప్పై ఆల్పాకాలను తెచ్చి, చిన్న తోటలో పెట్టాడు. కృష్ణా జిల్లాలో గేదెలకు సూదులు వేసుకునే పద్మనాభాన్ని వాటికి డాక్టరుగా రప్పించుకున్నాడు. పద్మనాభం వెంట భార్య చాముండేశ్వరి, కూతురు నమ్రత వెళ్ళారు.

"చాముండీ, నీకు ఖురూజ్ కొట్టించేద్దామనుకుంటున్నాను," అన్నాడు పద్మనాభం వెనక నుంచి. ఖురూజ్ అంటే మళ్ళీ తిరిగి రాకుండా దేశం విడిచి పోయే కాగితం. "ఈ తలపన్ను మనవల్ల కాదు. ఎలాగూ నువ్విక్కడ ఊరికే కూర్చునేదానివేగా!"

పల్లేరు ముల్లు వేలిలో దిగిపోయింది. తీసుకోవాలని కూడా తోచలేదు ఆమెకు. ఊరికే కూర్చున్నదెప్పుడా అని వెనక్కి వెతుక్కుంది. పనుల్లో ముందు అక్కడివాళ్ళనే పెట్టుకోవాలని నితాకత్ అనే చట్టమొచ్చి, తోటలో పరాయి దేశపు పనివాళ్ళిద్దరూ వెళ్ళిపోయిన ఏడాది, "కాస్త గడ్డి వెయ్యవోయ్, నీకూ పొద్దుపోతుంది," అన్నాడు ఈయనే. గడ్డితో మొదలైంది. తర్వాత పేడ, తర్వాత నీళ్ళు, గోళ్ళు కత్తిరించడం, ఉన్ని తీసేటప్పుడు కాళ్ళు పట్టుకోవడం, తల్లి వదిలేసిన పిల్లకు సీసాతో పాలు పట్టడం. ఇవన్నీ అయ్యాక వంటా, ఇల్లూ. తర్వాత బయటి దేశాలవాళ్ళ భార్యాపిల్లలకు తలకింతని ప్రభుత్వం పన్ను వేసింది. అది కట్టలేక ముందు నమ్రతను విజయవాడ హాస్టల్లో వేశారు. అత్తగారు ఫోనులో, "మావాడు ఎండలో మాడుతుంటే నువ్వు హాయిగా కూర్చున్నావు కదమ్మా," అన్న రోజు ఆమె చేతుల్లో పేడ ఎత్తే పార ఉంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, "అవునత్తయ్యా," అంది. కాదని చెప్పడానికి కూడా ఓపిక కావాలి.

మర్నాడు కాగితాల పని చూసే కడప అబ్దుల్ ఖాదర్ వచ్చాడు. ఆమె ఇకామా, అదే అక్కడుండే కార్డు, చేతిలోకి తీసుకుని, ఆమె కాళ్ళకున్న గమ్‌బూట్ల వైపు చూసి నవ్వాడు.

"ఏమ్మా, దీని మీద అరబ్బీలో ఏం రాసుండాదో తెల్సునా నీకు?"

"నాకెలా తెలుస్తుంది బాబూ?"

"పని చేసేదానికి అనుమతి లేదు అని రాసుండాది. నువ్వేమో తోట తోటంతా నెత్తికెత్తుకోని తిరుగుతాండావ్! పట్టుకుంటే అయ్యగారికి ఫైనే."

ఆమె కార్డు వెనక్కి తీసుకుని ఆ గీతలను చాలాసేపు చూసింది. బూట్లు విప్పి గుమ్మం పక్కన పెట్టింది. నీడలోకి కుర్చీ లాక్కుని కూర్చుంది.

మధ్యాహ్నానికి ఎండ ముదిరింది. గోధుమరంగు ఆడ ఆల్పాకా ఒకటి నోరు తెరిచి రొప్పుతూ మోకాళ్ళ మీద కూలింది. పద్మనాభం పరుగున గొట్టం తెచ్చి, గేదెను కడిగినట్టు వీపు మీద ధారగా నీళ్ళు కొట్టాడు. ఎంత కొడితే అంత రొప్పుతోంది.

"వీపు మీద కాదండీ!" అని అరిచింది చాముండేశ్వరి. "ఉన్ని తడిస్తే కంబళి కప్పినట్టు లోపల ఉడికిపోతుంది. పొట్ట కిందా, తొడల మధ్యా కొట్టండి, అక్కడ ఉన్ని ఉండదు."

"అయితే వచ్చి చెయ్యవే!"

"నాకు అనుమతి లేదండీ. చెప్తాను, మీరు చెయ్యండి. ముందు ఆ తడి ఉన్ని పిండండి. ఫ్యాను ఇటు తిప్పండి. మెడ కింద చెయ్యి పెట్టండి. భయపడకండి, ఉమ్ముతుందంతే."

మొహం మీద పచ్చటి ఉమ్ముతో, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఆయన గంటసేపు ఆమె చెప్పిందల్లా చేశాడు. చివరికది లేచి నిలబడి ఒళ్ళు విదిలించుకుంది. అప్పటికే వచ్చి కంచె దగ్గర నిలబడ్డ అబూ నాసర్ ఆయన్ని వదిలేసి ఆమె వైపే చూస్తున్నాడు.

సాయంత్రం పద్మనాభం నడుము పట్టుకుని వచ్చి, వరమిచ్చినట్టు, "సరేలే, నువ్వు వెళ్ళొద్దు. ఆ పన్నేదో నేనే కడతాను," అన్నాడు.

ఆమె అప్పుడే గమనించినట్టు వేలిలోని ముల్లు తీసుకుంటోంది.

"కట్టకండి. ఖురూజ్ కొట్టించండి. నమ్రత దగ్గరికి పోయి నాలుగు రోజులు నిద్రపోతాను. తోటకి నేను కావాలనుకుంటే నా పేరున వీసా తియ్యమనండి మీ అబూ నాసర్‌ని, నా పనేమిటో దాని మీద రాయించి. మీ భార్యగా మాత్రం ఈ తోటలోకి మళ్ళీ రాను."

వీసా వచ్చిందా అని అడుగుతారు మీరు. రావడం, రాకపోవడం ఆ అబూ నాసర్ చేతిలోది. అడగడం ఆమె చేతిలోది. ఇది మరిచిపోకండర్రా. మా ఆవిడ ఇంట్లో ఖాళీయేనండీ అని ఎవరైనా అంటే, వాళ్ళావిడ కూడా వినేట్టు ఈ కథ చెప్పండి. డాక్టరుగారి భార్య అనకండి, చాముండేశ్వరి అని పేరు పెట్టి చెప్పండి.