మంట తెలియని చేతులు

వీరస్వామి చేతులకు వేడి తగలదని ఊళ్లో గొప్పగా చెప్పుకునేవారు. బోధన్‌కు కొంచెం ఎడంగా ఉన్న ఆ ఊళ్లో ఆత్మారాం పటేల్‌కు బెల్లం బట్టీ ఉండేది. చెరుకు నరికే కాలమంతా వీరస్వామి అక్కడే పనిచేసేవాడు. పాకం ముదిరాక కడాయి దించాలంటే తక్కినవాళ్లు గోనెపట్టా తడిపి చేతులకు చుట్టుకునేవారు. వీరస్వామి మాత్రం భుజం మీది తువ్వాల అడ్డం పెట్టి పట్టేసేవాడు. భార్య నర్సవ్వకూ అది గర్వంగానే ఉండేది. పొయ్యి మీది కుండ దించాల్సి వస్తే, "జర నువ్వు రావయ్యా" అని అతణ్ణే పిలిచేది.

ఒకనాడు పొద్దు వంగుతుండగా అతను బట్టీ నుంచి ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడే అలికిన వాకిట్లో అతని అడుగు పడ్డ చోటల్లా నెత్తురు మరక ఉంది.

"ముల్లు దిగింది గదా, సూసుకోలేదా?" అంది నర్సవ్వ.

"ఏడ?" అన్నాడతను.

ఆ ఒక్క మాటకు ఆమె వచ్చి అతని ముందు కూర్చుంది. కాలు ఒళ్లోకి తీసుకుని చూసింది. మడమలో తుమ్మముల్లు మొదలంటా దిగి ఉంది. ఆమె దాన్ని పీకుతున్నంతసేపూ అతను పటేల్ కొత్తగా కొన్న ఎడ్ల గురించి చెబుతూనే ఉన్నాడు.

నర్సవ్వ చిన్నప్పుడు ఆమె చిన్నవ్వకు ఇలాగే అరికాళ్లు మొద్దుబారాయి. పెద్దరోగమని తెలిశాక బండెక్కించి ఎక్కడికో తీసుకుపోయారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆమె పేరెత్తలేదు. పెట్టెలోని ఆమె చీరలను కూడా తగలబెట్టారు.

"దవాఖానకు పోదాం" అని నర్సవ్వ అడిగినప్పుడల్లా వీరస్వామి "బట్టీ బంద్ గానీ" అంటూ వచ్చాడు. కానీ బట్టీ ఆగకముందే రెండు అరచేతులూ కాలి బొబ్బలెక్కి, చీము పట్టి, జ్వరం వచ్చింది. అప్పుడు గానీ అతను బోధన్ సర్కారు దవాఖానకు బయల్దేరలేదు.

డాక్టర్ వయసులో చిన్నవాడు. చేతుల కట్టు విప్పి చూశాడు. తర్వాత చొక్కా విప్పమని వీపు మీది పాలిపోయిన మచ్చలు చూశాడు. "కండ్లు మూసుకో. నేను తాకినప్పుడల్లా చెప్పు" అని దూదిని సన్నగా పేని తాకించడం మొదలుపెట్టాడు. ముంజేయి మీద తాకించాడు. మోచేతి కింద, వీపు మీద, పిక్క మీద తాకించాడు. నర్సవ్వ గోడకానుకుని అంతా చూస్తూ ఉంది. వీరస్వామి కళ్లు గట్టిగా మూసుకుని, బడిలో పిల్లాడిలా ఒద్దికగా కూర్చున్నాడు. చాలాసేపటికి, "డాక్టర్ సాబ్, ఇంక మొదలువెట్టలేదా?" అని అడిగాడు.

డాక్టర్ దూది పక్కన పెట్టేశాడు. నర్సవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దీనికి మందుంది. తగ్గుతుంది" అన్నాడు డాక్టర్, అతనితో కాక ఆమెతో. "చేతులు మాత్రం ఇదివరకటిలా కావు." నిజామాబాద్ అవతల కుష్టు రోగుల ఆసుపత్రి ఉందనీ, ఆలస్యం చేయకుండా అక్కడ చేరమనీ చెప్పాడు. గదిలోంచి వస్తుంటే, వరుసలో కూర్చున్నవాళ్లు ఒకరి వెంట ఒకరు లేచి దూరంగా జరిగారు. అప్పటికి వాళ్లకెవరూ ఏమీ చెప్పలేదు.

వీరస్వామి ఆ ఆసుపత్రిలో చేరి ఏళ్లు గడిపాడు. రోజూ తెల్లమాత్రలు మింగేవాడు. మొదట్లో మందు పడక ఒళ్లంతా గడ్డలు లేచి, మంచం దిగలేని రోజులున్నాయి. సుమిత్రమ్మ అనే నర్సు సాయంత్రమయ్యేసరికి అందరినీ కూర్చోబెట్టి, ఎవరి కాళ్లూ చేతులూ వాళ్లనే తిప్పి తిప్పి చూసుకోమనేది. "మీకు నొప్పి చెప్పదు నాయనా, కన్నే చెప్పాలి" అనేది. పక్క మంచం మీది తుకారాం సరిహద్దు అవతలి మరాఠీవాడు. అతనికి నయమై చాలాకాలమైంది, ఇంటికి మాత్రం పోలేదు. ఎందుకు పోలేదని వీరస్వామి ఒకసారి అడిగితే, నవ్వి అటు తిరిగి పడుకున్నాడు.

ఇక్కడ ఊళ్లో నర్సవ్వ చెరుకు కోతకు పోతే ఆమెను సాలు చివర్న ఒంటరిగా నిలబెట్టేవారు. దాహమంటే ఎత్తు నుంచి దోసిట్లో పోసేవారు. అత్త ఈరవ్వకు కళ్లు సరిగా ఆనవు. కూతురు సాయవ్వ అప్పటికి బడికి పోతోంది. నెలకో ఆదివారం నర్సవ్వ రైలెక్కి నిజామాబాద్ పోయి, అక్కణ్ణుంచి బస్సులో మొగుడి దగ్గరికి పోయి వచ్చేది.

చివరికి ఒక ఆదివారం సుమిత్రమ్మ ఎదురొచ్చింది. "చెవి తమ్మె నుంచి కొంచెం చర్మం గీసి తీసి మళ్లీ మళ్లీ పరీక్ష చేశారమ్మా. రోగం లేదు. ఇంకెవరికీ అంటదు. తీసుకుపో" అంది. వీరస్వామి గడ్డం గీయించుకున్నాడు. వంకరపోయిన వేళ్లతోనే కొత్త ధోతి కట్టుకున్నాడు. నిజామాబాద్‌లో దిగి, కూతురికని ఎర్ర గాజులు కొన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఈరవ్వ కొడుకును చూసి ఏడ్చింది. ఏడుస్తూనే జొన్నరొట్టెలు చేసింది. ఏడుస్తూనే అరుగు మీద మోదుగాకుల విస్తరి వేసి, చెయ్యి తగలకుండా పైనుంచి రొట్టె జారవిడిచింది. వీరస్వామి తలొంచుకుని తినసాగాడు. నర్సవ్వ లోపలి నుంచి వచ్చి పక్కన కూర్చుని, ఆ విస్తరిలోంచే ముక్క తుంచుకుంది. సాయవ్వ తలుపు చాటు నుంచి కదల్లేదు. గాజుల కోసం కూడా రాలేదు.

ఆదివారం వాళ్లు ప్రార్థనకు పోయే యేసు గుడిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళ, సంఘ పెద్ద సత్యానందం అతని దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు. "నువ్వు అందరైనంక రా తమ్మీ. నాకేం లేదు, మంది ఊకోరు." వీరస్వామి ఆఖరి వరకు ఆగాడు. అప్పటికి గుడి ఖాళీ అయింది. గిన్నె అడుగున మిగిలింది తాగి వచ్చాడు.

ఆ కోతల కాలం అయ్యేదాకా ఎట్లాగో నెట్టుకొచ్చాడు. పటేల్ బట్టీ వైపు రావద్దన్నాడు. ఒక పొద్దున, నర్సవ్వ కట్టెలు చీలుస్తుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నేను పోత నర్సవ్వ."

"ఏడికి?"

"దవాఖానకే."

"రోగం లేదన్నరు గదా."

"రోగం లేదు. ఆడనైతే నా పక్కన కూసొని తింటరు."

నర్సవ్వ గొడ్డలి కింద పెట్టింది. "నేను కూసుంటలేనా?"

"కూసుంటున్నవ్. గందుకే నిన్ను బాయి కాడికి రానిస్తలేరు. పొల్లను బడిల అందరికన్న యెనుక కూసోవెడుతుండ్రు. నేనుంటే అది పెండ్లీడుకొచ్చినా గిట్లనే ఉంటది."

"నేను గూడ వస్త."

"నువ్వొస్తే పొల్లనెవరు సూస్తరు? మా అవ్వకు రొట్టె ఎవరు జేస్తరు?"

నర్సవ్వ అతని బట్టలు మూట కట్టింది. రైలు దాకా వెంట నడిచింది. అతను కిటికీలోంచి చెయ్యి ఊపబోయి, ఎవరైనా ఆ వేళ్లు చూస్తారని లోపలికి లాక్కున్నాడు.

అక్కడ ఆసుపత్రి తోటలో పని దొరికింది. కొడవలి పిడికి గుడ్డ చుట్టి, మణికట్టుకు కట్టుకుని గడ్డి కోసేవాడు. తుకారాం, అతనూ ఒకే చాప మీద కూర్చుని తినేవారు. నర్సవ్వ ఆదివారాలు మానలేదు. ఈరవ్వ పోయింది. సాయవ్వ ఎదిగింది. బుద్ధి తెలిశాక, "నేను గూడ వస్తనే అవ్వా" అని ఎన్నోసార్లు అడిగింది. నర్సవ్వ ఆ మాట చేరవేస్తే వీరస్వామి మాత్రం ఒప్పుకోలేదు. "రైలుల ఎవలన్న గుర్తువడతరు. ఒద్దను" అనేవాడు.

ఒక వానాకాలం అతని కాలికి పుండైంది. రోజూ చూసుకునే మనిషే, వరుసగా బురదలో పని పడి కట్టు విప్పి చూడలేదు. చూసేసరికి విషం పైకెక్కింది. కబురందుకుని నర్సవ్వ వెళ్లేటప్పటికి కాలు తొడ దాకా నల్లబడింది. పేలిపోతున్న జ్వరంలోనూ అతను ఆమెను గుర్తుపట్టాడు.

"నొస్తుందా?" అని అడిగింది.

"నొస్తే ముందే దెలుస్తుండె గదా" అన్నాడు. ఆమె వైపు తల తిప్పి, "సాయవ్వ ఎంత ఎత్తయింది?" అన్నాడు.

నర్సవ్వ లేచి మంచం పక్కన నిలబడి, తన తల మీద చెయ్యి పెట్టుకుని, ఆ చేతిని ఇంకొంచెం పైకెత్తి చూపింది. అతను ఆ చేతి వైపు చాలాసేపు చూశాడు. మర్నాడు మధ్యాహ్నం ప్రాణం పోయింది.

ఒళ్లు నర్సవ్వే కడిగింది. వేళ్ల సందులు ఒక్కొక్కటీ తుడిచింది. తుకారాం, తోటలో పనిచేసే మిగతావాళ్లు మొండిచేతులతోనే గొయ్యి తవ్వారు. ఊరి నుంచి ఎవరూ రాలేదు.

బోధన్‌లో రైలు దిగేసరికి సాయవ్వ స్టేషన్‌లో నిలబడి ఉంది. తల్లి ముఖం చూసి, చేతిలోని సంచి అందుకుంది. ఊరి బాటలో సగం దూరం వచ్చాక నర్సవ్వే చెప్పింది, "నువ్వెంత ఎత్తయినవని అడిగిండు." సాయవ్వ చెరుకు బండ్ల బాట పక్కన కూలబడి, మోకాళ్లలో తల దాచుకుంది. నర్సవ్వ పక్కనే కూర్చుంది గానీ ఊరడించలేదు.

మరుసటి నెల ఆదివారం ఇద్దరూ కలిసి రైలెక్కారు. సమాధి చూశాక సాయవ్వ, తండ్రి పడుకున్న మంచం చూపించమని తుకారాంను అడిగింది. అతను ముందు తటపటాయించి, తర్వాత లోపలికి తీసుకుపోయాడు. ఆ మంచం మీద అప్పటికే ఇంకో మనిషి ఉన్నాడు. నందిపేట్ వైపు రైతట, వచ్చి వారం కూడా కాలేదు. ఎవరో వచ్చారని చూసి, చేతులు దుప్పటి కింద దాచుకుని, వాళ్లకు దూరంగా గోడ వైపు ఒదిగాడు.

అలా ఒదగడంతో మంచం అంచున కొంచెం చోటు మిగిలింది. సాయవ్వ అక్కడ కూర్చుని, "ఏ ఊరు పెదనాయనా?" అని అడిగింది.