వెల్వెట్ ముక్క

సోఫాల మేస్త్రీ ఆ పిల్లిని ప్రేమకొద్దీ కొన్నాడనుకుంటే పొరపాటే. కొట్టు అద్దం వెనక, కొత్త సోఫా మీద తెల్లటి జాతిపిల్లి కూర్చుని ఉంటే దారినపోయేవాళ్ళు ఆగి చూస్తారని ఎవరో చెవిలో ఊదారు. అంతే, ఆగమేఘాల మీద తెచ్చేశాడు. జనం ఆగారు కూడా. ఆగి, పిల్లిని ఫొటో తీసుకుని, సోఫా వంక కన్నెత్తయినా చూడకుండా వెళ్ళిపోయారు. అది వేరే సంగతి.

దానికి తిండి పెట్టడం, జుట్టు దువ్వడం, ఇసుక ట్రే శుభ్రం చేయడం మాత్రం వదిన నెత్తిన పడ్డాయి. వదినంటే మేస్త్రీ భార్య. కొట్లో పనివాళ్ళు అలా పిలవబట్టి వీధి వీధంతా ఆవిడకి మరుదులూ ఆడపడుచులే అయిపోయారు. వెనకగదిలో మిషను ముందు నడుం వంచి సోఫా కవర్లన్నీ కుట్టేది ఆవిడే. బోర్డు మీద పేరు మాత్రం ఆయనొక్కడిదే. ఆ పిల్లికి దొరసాని అని ముద్దుపేరు పెట్టింది కూడా ఆవిడే.

"ఇలాంటివాటికి బయట బతకడం చేతకాదమ్మా. లోపలే ఉంచండి," అన్నాడు సూది వేయడానికొచ్చిన పశువుల డాక్టరు.

లోపలంటే ఎక్కడ? వెనకగదికీ కొట్టుకీ మధ్య తలుపే లేదాయె. పొద్దున్నే షట్టరు ఎత్తితే వీధంతా ఇంట్లో ఉన్నట్టే. వదిన ఒకే ఒక్కటి అడిగింది, మధ్యలో ఒక మెష్ తలుపు.

"రేపు చేసిపడేస్తాలే," అన్నాడు మేస్త్రీ.

ఊరందరి సోఫాలకీ చట్రాలు బిగించే మనిషికి, సొంతింట్లో నాలుగు కర్రలు కలిపి మేకులు కొట్టే తీరిక చిక్కలేదు. అడిగినప్పుడల్లా రేపే.

ఆ ఇంట్లో అప్పటికే ఒక కుక్క ఉండేది. పేరు తాత. పళ్ళు సగం ఊడిపోయి, ఎండ ఎటు జరిగితే అటు జరుగుతూ పొద్దుపుచ్చే ముసలి ప్రాణం. మొదటిరోజు వాణ్ణి చూడగానే దొరసాని ఒళ్ళంతా ఉబ్బించుకుని, బుస్సుమంటూ బీరువా ఎక్కేసింది. వదిన తొందరపడలేదు. కుట్టగా మిగిలిన వెల్వెట్ ముక్క తీసి తాత వీపు మీద బాగా రుద్దింది. దాన్ని తీసుకెళ్ళి దొరసాని పడుకునే బుట్టలో పరిచింది, తిండిగిన్నె కింద వేసింది. ఇద్దరి గిన్నెల్నీ రోజూ కాస్త కాస్త దగ్గరికి జరిపింది. ఒకరోజు మధ్యాహ్నం మిషను ఆపి చూస్తే, దొరసాని తాత పొట్టకి చేరబడి ఆదమరిచి నిద్రపోతోంది. వదినకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ ఇంటికి కాపురానికొచ్చాక తను అనుకున్నది అనుకున్నట్టు జరగడం అదే మొదలు మరి.

మేస్త్రీ వీడియో తీసి వచ్చినవాడికీ పోయినవాడికీ చూపించాడు. "చూశారా, మా పిల్లికి కుక్కలంటే భయమన్నదే లేదు!" వదిన మాత్రం తక్కువ తిందా? ఎందుకు దాచడం, ఆవిడా వీధంతా చెప్పుకుని మురిసిపోయింది.

అంతా బాగానే ఉందనుకుంటుండగా, డెలివరీకి సిద్ధంగా ఉన్న లెదరు సోఫా చేతి మీద దొరసాని గోళ్ళకి పదును పెట్టుకుంది. మేస్త్రీ ఒంటికాలి మీద లేచాడు.

"ఇంక ఇది లోపల ఉండటానికి వీల్లేదు. పగలంతా బయటే!"

"బయట దానికేం తెలుసండీ? బండ్లు తెలుసా, కుక్కలు తెలుసా?"

"కుక్కలు తెలియకపోవడమేంటే? పొద్దస్తమానం కుక్క మీదే కదా పడుకుని చచ్చేది! తాతగాడుంటాడు కాపలా."

"ఆ మెష్ తలుపేదో వేస్తే..."

"మళ్ళీ మొదలెట్టావా తల్లీ!"

వదిన ఇంక కిమ్మనలేదు. ఆయనకి భయపడి కాదు. కుక్కలకే జడవని పిల్లికి వీధిలో ఇంకేం భయమని ఆవిడకీ అనిపించింది. కొంప మునిగింది అక్కడే.

కొన్నాళ్ళు ఏ గొడవా లేదు. మెట్టు మీద దొరసాని, మెట్టు కింద తాత. వదిన మిషను తొక్కుతూ మాటిమాటికీ తలెత్తి చూసుకునేది.

మరమ్మతు చేసిన సోఫా తీసుకెళ్ళడానికి ఒకాయన వ్యానులో వచ్చాడు. ఆయన వెనకాలే ఒక పెద్ద కుక్క దూకింది. మెడకి పట్టీ ఉంది, గొలుసు లేదు. తాత ఎండలో గురక పెడుతున్నాడు. వీధిలో పుట్టి పెరిగిన పిల్లయితే ఈపాటికి గోడ దూకి మాయమైపోయేది. దొరసాని మాత్రం తాపీగా లేచింది. ఒళ్ళు విరుచుకుని, తోక నిలువుగా ఎత్తి, ఇంటికొచ్చిన చుట్టానికి ఎదురెళ్ళినట్టు వెళ్ళింది. వెళ్ళి, ఆ కుక్క ముందుకాలికి తన తల రాసింది.

"దొరసానీ!" అని కేక పెట్టి వదిన చేతిలో కత్తెరతోనే పరిగెత్తింది. ఆ కుక్క దొరసానిని నోట కరుచుకుని ఒక్క విదిలింపు విదిలించింది. తాత లేచి మొరిగేసరికే అంతా అయిపోయింది.

వ్యానాయనకి ముచ్చెమటలు పోశాయి. అయినా తప్పు ఒప్పుకుంటాడా! "అదే మీదికొచ్చిందమ్మా, నేను చూస్తూనే ఉన్నాను. పిల్లి అన్నాక కుక్క కనిపిస్తే పారిపోవద్దూ? దీనికి ఇలా ఎవరు నేర్పారండీ?"

ఎవరు నేర్పారో వదినకి తెలుసు.

మేస్త్రీ ముందు సోఫాని వ్యానెక్కించాడు. ఆ తర్వాత తీరిగ్గా వచ్చి, "ఊరుకో, ఏడిస్తే తిరిగొస్తుందా? అచ్చం అలాంటిదే ఇంకోటి తెస్తాగా," అన్నాడు.

తెచ్చాడు కూడా. పెళ్ళానికిచ్చిన మాట నిలబెట్టుకోవడం ఆయన జన్మలో అదొక్కసారే. అదే తెలుపు, అవే కళ్ళు, ఇంకా కూనే.

"మరి తలుపో?" అంది వదిన.

"పిల్లొచ్చినప్పుడల్లా తలుపేనా? ఇది సోఫాలు గీకేదాకా లోపలే ఉంటుందిలే. తర్వాతి సంగతి తర్వాత."

ఆ పిల్లికూనకి భయమంటే ఏంటో తెలియదు. కింద దింపగానే తిన్నగా తాత దగ్గరికి నడిచింది. తాత ఒత్తిగిలి పొట్ట దగ్గర చోటిచ్చాడు. అది చూసి వదిన కూనని చటుక్కున లాగేసుకుంది.

పాత బుట్టలోంచి ఆ వెల్వెట్ ముక్కే తీసింది. తాత వీపు మీద రుద్దింది. పాత రోజులు మళ్ళీ వచ్చాయనుకున్నాడేమో, వాడు తోక ఆడించాడు. ముక్క తెచ్చి కూన ముందు వేసింది. అది వాసన చూడబోయేసరికి కత్తెరతో స్టీలు పళ్ళెం మీద ఠంగుమని కొట్టింది. కూన ఎగిరిపడింది. మళ్ళీ వేసింది, మళ్ళీ కొట్టింది. రోజూ అదే పని. కొడుతూ ఏడ్చేది, ఏడుస్తూ అరిచేది. "పో! కుక్కని చూస్తే పరిగెత్తు! పరిగెత్తమంటే నీక్కాదూ!"

ఆ తిట్లు తననే అనుకున్నాడు తాత. తోక ముడుచుకుని లేచి, బయటికెళ్ళి మెట్టు కింద పడుకున్నాడు. బుజ్జగించి పిలిచినా గడప తొక్కలేదు.

కూన నేర్చుకుంది. ఇప్పుడు కుక్క వాసన తగిలితే చాలు, బీరువా ఎక్కేస్తుంది. గదిలోకి వదిన అడుగుపెట్టినా ఎక్కేస్తుంది.