కర్లీ తల్లి

మిక్సీలో పచ్చడి గిరగిరా తిరుగుతున్నప్పుడు ముఖ్యమైన మాటలు చెప్పకూడదు. అయినా హిమజ చెప్పింది. లాలాపేటలో కూతురింట్లో వారం ఉండి అప్పుడే రామంతాపూర్‌లో ఇల్లు చేరిన అత్త లక్ష్మీనర్సమ్మ, నీ జుట్టుకేమైంది, గట్ల లేచి నిలవడ్డదేంది అని అడిగితే, కోడలు మిక్సీ ఆపకుండానే జవాబిచ్చింది.

"నాది కర్లీ అత్తమ్మా. గిన్నేండ్లు లోపట్నే అణచిపెట్టిన. ఇప్పుడు బయటికొచ్చింది. ఇగ ఉంచుకుంట."

ఆ హోరులో అత్తకు వినిపించింది కర్లీ కాదు, కాళి.

పొరపాటు చెవిదొక్కటే అయితే మిక్సీతో పాటే ఆగిపోయేది. కానీ కన్ను కూడా చెవి పక్షాన సాక్ష్యం చెప్పింది. జనగామ దిక్కు పల్లెలో లక్ష్మీనర్సమ్మ మేనత్త శివసత్తి, అంటే అమ్మవారు మీదికి వచ్చే మనిషి. ఆమె తలకు నూనె పెట్టేది కాదు, దువ్వెన తగలనిచ్చేది కాదు. ఆ జుట్టు అమ్మవారిదని ఇంట్లో ఎవరూ దాని జోలికి పోయేవారు కాదు. ఇప్పుడు కోడలి తలకూ నూనె లేదు, పాపిడి లేదు, జుట్టు చెవులు దాటి చుట్టూ లేచి ఉంది. పైగా ఆషాఢం, అమ్మవారికి బోనాలెత్తే నెల. జడ లేని కోడలిని చూసి జడుసుకున్న లక్ష్మీనర్సమ్మ, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని చేతులు జోడించి, తాలింపు నేను పెడతాలే తల్లీ, నువ్వు కూర్చో అంది.

హిమజ జుట్టు కథ సూటిగానే చెప్పుకుందాం, జుట్టు ఎలాగూ సూటిగా లేదు. ఉప్పల్ రింగురోడ్డుకు ఒకటే రింగు, ఈ పిల్ల తలలో లెక్కలేనన్ని. పెళ్ళిచూపుల ముందురోజు పార్లర్‌లో సాపు చేయించారు. దయాకర్ మనసు పడింది ఆ ఇస్త్రీ చేసిన స్త్రీ మీద. అప్పటినుంచి పన్నెండేళ్ళు, ఆర్నెల్లకోసారి ఘాటు మందు, వేడి పలకలు, కళ్ళ నీళ్ళు. చివరికి జుట్టు తలకంటే దువ్వెనకే ఎక్కువ మొలుస్తున్నట్టు అనిపించాక, ఏడాదిపాటు మందు మానేసి ముడి కింద దాచుకుంది. మొన్న ఆదివారం సాపు కొసలన్నీ కత్తిరించేసింది. అద్దంలో ఏడో తరగతి హిమజ కనిపించింది. ఆ పిల్లను మళ్ళీ వెళ్ళిపొమ్మనడం ఆమె వల్ల కాలేదు.

మిగతావాళ్ళంతా ఆ పని మీదే ఉన్నారు. నాచారంలో ఆమె లెక్కలు రాసే ఇంజనీరింగ్ యూనిట్‌లో మేనేజరు, ఒంట్లో బాగాలేదా అని సెలవు ఇవ్వబోయాడు. షేర్ ఆటోలో పక్కన కూర్చున్నామె కరెంటు గిట్ల కొట్టిందా అని జాలిపడింది. మందుల ఫ్యాక్టరీలో సూపర్వైజరు అయిన దయాకర్, అక్కడ అందరి తలలూ టోపీల్లో దాచించేవాడు, ఇంట్లో తల దువ్వుకొమ్మని కాలు దువ్వాడు.

కాళి వచ్చింది, అందరి నోళ్ళూ మూతపడ్డాయి. దయాకర్ ఏదో అనబోతే తల్లి నోటి మీద వేలు వేసింది. అతనికి నమ్మకం సగమే, భయం మాత్రం నిండుగా ఉంది. సాయంత్రం అత్త పసుపు కలిపి తన పాదాలకు రాయబోతే గానీ హిమజకు సంగతి అర్థం కాలేదు. నేనన్నది అది కాదత్తమ్మా అని మొదలుపెడితే, అమ్మవారు ఊకనే ఒప్పుకోదు, మా మేనత్త కూడా గట్లనే అనేది అని ముసలామె లెంపలేసుకుంది. హిమజ ఇక రెట్టించలేదు. అదే ఆమె తప్పు. మూడు వారాలు ఆ తల మీద ఎవరి చెయ్యీ పడలేదు. జుట్టు ఆమెదే, పట్టా మాత్రం అమ్మవారి పేరున ఉంది.

కబురు వాడకట్టంతా పాకింది. నాలుగో వారం, ఆదివారం పొద్దున గల్లీలోని ఆడవాళ్ళు హాల్లో వరసగా కూర్చున్నారు. ఎదురింటి ఉప్పలమ్మ నిమ్మకాయలు ముందుపెట్టి హిమజ ముఖంలోకి చూసింది.

"నా బిడ్డకు కడుపుల గడ్డ. రేపు ఆపరేషనంటున్నరు. జేపియ్యాల్నా, దవాఖానకెల్లి ఇంటికి తోల్కరావాల్నా? నువ్వేదంటే గదే జేస్త తల్లీ."

ఏమీ అనకపోతే, అమ్మవారు పలకలేదని ఉప్పలమ్మ కూతుర్ని ఇంటికి తెచ్చేస్తుంది. ఆ సంగతి ఆమె ముఖంలోనే రాసి ఉంది. హిమజ నిమ్మకాయలను ఉప్పలమ్మ వైపే జరిపింది.

"పెద్దమ్మా, నా మీదికి ఎవ్వలు రాలే. నా జుట్టు వంకులది, గందుకే కర్లీ అన్న. మిక్సీ సప్పుడుల అత్తమ్మకు కాళి అని వినవడ్డది. నాకు ఎరికయ్యి గూడ ఊకున్న. తప్పు నాదే. డాక్టరు చెప్పినట్టు జేపియ్యున్రి."

ఉప్పలమ్మ నిమ్మకాయలు కొంగులో వేసుకుంది. తిట్టలేదు. గిదన్న చెప్పినవు అని, చెప్పులేసుకుని దవాఖానకు వెళ్ళిపోయింది. వెనకే మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచారు, హిమజను తాకకుండా పక్కకు జరిగి.

లక్ష్మీనర్సమ్మకు కోపం రాలేదు. పెద్ద బరువు దిగినట్టు ఊపిరి తీసుకుని, మరి ఈ జుట్టెవరు పెంచమన్నరు బిడ్డా అని అడిగింది.

"ఎవ్వలనలే. నాకిష్టం."

"అమ్మవారి ఇష్టమైతే మేమెవ్వలం అడ్డం రానీకి? గిది ఒట్టి నీ ఇష్టమేనాయె."

ఆ మాటలో వెటకారం లేదు. అమ్మవారిని ఎందుకని అడిగినవాళ్ళు లేరు. హిమజ కారణం చెప్పాలి, ఆమె దగ్గర ఉన్న కారణం ఇష్టం ఒక్కటే. మూడు వారాలు వాడకట్టును మోసం చేసిన మనిషిగా ఇప్పుడు ఆమె మాటకు ఆ కాస్త విలువా లేదు. దయాకర్ అప్పటికే పార్లర్‌కు ఫోన్ చేసి మధ్యాహ్నం రెండింటికి జుట్టు సాపు చేయాలని చెప్పేశాడు. అంతదాకా మెత్తబడనీ అని అత్త నూనె గోరువెచ్చగా చేసి తెచ్చింది. హిమజ ముక్కాలిపీట మీద కూర్చుంది. అత్త చేతికిచ్చిన తల ఇచ్చినట్టే ఉంచింది.

కబురు తెలియనివాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు. దయాకర్ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పి పంపుతున్నాడు.

"ఏం లేదు వదినా, కర్లీ అన్నది. అమ్మకు కాళి అని వినవడ్డది. గంతే."