ఇంటి కింద చోటు

బంకబియ్యం ఉడుకుతున్న వెదురు బుట్టను ఒక్క ఊపుతో తిరగేస్తున్నాను. "ఇంటి కింద ఆ ఖాళీ తీసెయ్. స్తంభాలు దండగ," అన్నాడు నా మొగుడు కంసింగ్, బల్ల మీద నేను గీసిన పటాలు తిప్పుతూ. మెకాంగ్ నది ఒడ్డున మా ఊళ్ళో పేదలకు కట్టబోయే ఇళ్ళవి. ఊరి కార్యాలయంలో ఇంజనీరు అతను. గీసేది నేను. ఇద్దరం ఒకే కాలేజీలో చదివాం. పెళ్ళయ్యాక అతనికి ఉద్యోగం వచ్చింది, నాకు అత్తగారు వచ్చింది. "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, రెండు గీతలు గీసిపెడితే అరిగిపోతావా?" అంటుంది ఆవిడ. సంతకం మటుకు ఆవిడ కొడుకుదే.

నేను పుట్టిన ఇల్లు స్తంభాల మీద ఉండేది. మెట్లెక్కి పైకి రావాలంటే చెప్పులు విప్పాలి, పెద్దవాళ్ళ ముందు వంగి నడవాలి. కిందికి రావడానికి ఎవరినీ అడగక్కర్లేదు. దారిన పోయే ఆడవాళ్ళు నేరుగా వచ్చి అమ్మ మగ్గం పక్కన చతికిలబడేవాళ్ళు. పచ్చి బొప్పాయి దంచుకు తింటూ, కారానికి ముక్కులు ఎగబీలుస్తూ, మొగుళ్ళ మీద జోకులు వేసుకునేవాళ్ళు. పైన నాన్న ఎంత దగ్గినా ఆ నవ్వులు ఆగేవి కావు. నాన్నతో మాటామాటా పెరిగితే అమ్మ మెట్లు దిగేది. మగ్గం ముందు కూర్చుని, మనసు కుదుటపడ్డాక తనంతట తనే పైకి వచ్చేది. ఎంత హాయిగా ఉండేదో ఆ నీడ! మా సిమెంటు ఇంటికి కింద అంటూ ఏమీ లేదు. ఏడుపొస్తే స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పుకుంటాను.

"వరదొస్తే?" అన్నాను.

"గట్టు కట్టారుగా," అన్నాడు.

"ఊరంతా స్తంభాల ఇళ్ళే. ఇవి మాత్రం అగ్గిపెట్టెల్లా ఉంటే పేదలెవరో రోడ్డు మీంచే తెలిసిపోతుంది. ఖర్చు సంగతంటావా, నువ్వు పెట్టమన్న సోకు పిట్టగోడలు తీసేశాను."

అతను నవ్వాడు. "జీతం లేనివాళ్ళకి, తమ పేర ఇల్లు లేనివాళ్ళకి ఇస్తున్నాం తల్లీ ఇవి! అంత ఖాళీ ఎవరికి కావాలట?"

వరద పేరూ ఊరి పేరూ చెప్పి వాదించింది ఇక చాలనిపించింది. పటాలు చుట్టి చంకన పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఈ ఇళ్ళ గురించి జరిగే ఊరి సభలో వాటిని నేనే చూపిస్తాను.

"నాకు," అన్నాను. "నాకు జీతం లేదు. ఈ ఇల్లు నీ పేర ఉంది. మొదటి దరఖాస్తు నాదే."